లస్కరు ఎకరంన్నర

ఆ కాలువ పొడవు ఏడు కిలోమీటర్లు. మొదట్లో ఇనుప తలుపు, చివర్లో ఉప్పు మురుగు. ఈ రెండింటి మధ్య యాకోబు ముప్పై మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. మొదట కాలినడకన, తర్వాత సైకిలు మీద, ఇప్పుడు పాత మోపెడ్ మీద. ఉద్యోగం పేరు లస్కరు. పనల్లా తలుపు ఎత్తడం, దించడం, గేజీ చూడడం, గుర్రపుడెక్క లాగి గట్టున పడేయడం, గండి పడితే గడ్డీ మట్టీ తొక్కి పూడ్చడం, ఆ పైన నలుగురి చేతా తిట్లు తినడం. పర్మినెంటు చేయిస్తామని మాట ఇచ్చిన ఇంజనీర్లు ముగ్గురు రిటైరై మనవళ్ళను ఆడించుకుంటున్నారు. యాకోబు ఇంకా రోజుకూలీయే.

గేజీ రాయి మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. అయినా తలుపు కడ్డీకి ఎన్ని మరలు పైకి తేలితే ఎన్ని తూములకు నీరెక్కుతుందో అతనికి తెలుసు. కాలువ కింద నాలుగు వందల ఎకరాలు. మొదటి తూము కింద వరి మోకాటి లోతు నీటిలో నిలబడి ఉన్నప్పుడు, చివరి తూము కింద నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. తెనాలి నుంచి రేపల్లె బస్సులో వెళ్ళేవాళ్ళకు ఇదేమీ కనిపించదు. రోడ్డు కాలువల మొదళ్ళ పక్కనుంచే పోతుంది కనుక కిటికీలోంచి చూస్తే అంతా పచ్చదనమే.

ముప్పై మూడేళ్ళూ యాకోబు చివరి పొలాల తరఫునే మాట్లాడాడు. ఎవరైనా రైతు వంతు దాటి కాలువలో ఇంజను పైపు వేస్తే, వెళ్ళి గట్టు మీద చతికిలబడేవాడు. "కింద ఎండిపోతున్నాయండి. పైపు తీసెయ్యండి బాబూ" అనేవాడు. అరిచేవాడు కాదు, అక్కడినుంచి లేచేవాడూ కాదు. రైతులు సణుక్కుంటూనే పైపు తీసేవారు. ఆ మాట చెల్లడానికి కారణం ఒక్కటే. ఆ కాలువ కింద యాకోబుకు సెంటు భూమి లేదు.

ఆ ఏడు వేసవిలో అతను ఎకరంన్నర కౌలుకు తీసుకున్నాడు. అదీ చిట్టచివరి తూము కింద.

పొలం ప్రకాశరావుగారిది. డెబ్బై ఏళ్ళ మనిషి, తెనాలిలో కాపురం. మొదటి తూము దగ్గర ఎనిమిదెకరాలు ఉన్నాయి, వాటికి ఢోకా లేదు. చివరి ఎకరంన్నరను మాత్రం ఏ కౌలుదారూ రెండో ఏడు పట్టేవాడు కాదు. ఆయన కాలువ గట్టు మీద కారాపి యాకోబును పిలిచాడు.

"నీళ్ళు నీ చేతిలో ఉన్నాయి, పొలం నా చేతిలో ఉంది. మనిద్దరం కలిస్తే వరి పండదంటయ్యా?"

"ఆళ్ళూ ఈళ్ళూ ఏమనుకుంటారో అయ్యగారూ."

"అనుకునేవాళ్ళు నీకు బియ్యం పోస్తారా? నాలుగొందల ఎకరాలకు నీళ్ళు పెట్టేవాడివి, కిరాణా కొట్లో బస్తా కొనుక్కుంటున్నావు. సిగ్గుగా లేదూ?"

ఆ చివరి మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. యాకోబుకు యాభై ఏడేళ్ళు. తన వడ్లు తను మరకు తీసుకెళ్ళాలని, ఆ బియ్యం తన ఇంట్లో ఉడకాలని అతని కోరిక. ఇంతకాలం బయటకు అనలేదంతే.

భార్య ధనమ్మ అన్నం పెడుతూ వింది. ఆమె పుట్టిల్లు కర్లపాలెం అవతల ఇసక నేలల్లో.

"మా ఊళ్ళో ఇసక తవ్వి దొరువు చేసుకుంటే నీళ్ళూరతాయి. ఎవడి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఇక్కడ నీ ఎకరంన్నర తడవాలంటే శ్రీశైలం నిండాలి, సాగర్ నిండాలి, పులిచింతల్లోంచి వదలాలి, బెజవాడ బ్యారేజీ దాటాలి, దుగ్గిరాల దాటాలి. ఆ తర్వాత నాలుగొందల ఎకరాల వాళ్ళకి మన మీద జాలి కలగాలి. ఇన్ని ఒక్క ఏడాదిలో జరుగుతాయంటావా?"

"తలుపు నా చేతిలోనే ఉందిగా."

"అదేనయ్యా నా భయం. రేపట్నించి వాన పడకపోయినా నువ్వే జవాబుదారీ అంటారు."

ఆమె భయం అక్కడే ఆగింది. నాట్లకు మాత్రం అందరికన్నా ముందు ఆమే దిగింది.

ఆ ఏడు సాగర్ నిండలేదు. బ్యారేజీకి వచ్చినవాటిలో సగం పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్ళే అన్నారు. టీ కొట్టు దగ్గర దాని మీద జోకులు పుట్టాయి.

"ఏంటి యాకోబూ, నీళ్ళింకా రాలేదు?" అని నరసింహారావు అడిగాడు. ఆయనకు రెండో తూము కింద ఆరెకరాలు. నీటి సంఘం వాట్సాప్ గ్రూపు కూడా ఆయన చేతిలోనే ఉంది.

"గోదారి నీళ్ళు కదండీ. తిన్నగా వస్తే వాటికి నామోషీ. దారి పొడుగునా ఎటకారాలాడుకుంటూ వస్తాయి."

అందరూ నవ్వారు. అతని మాటకు ఆ కాలువ మీద జనం నవ్వడం అదే ఆఖరు.

ఆగస్టు సగంలో నాట్లు పడ్డాయి. సెప్టెంబరులో రెండు వానలు కురిసి వరి నిలదొక్కుకుంది. అక్టోబరంతా ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. నెలాఖరుకు వంతులు పెట్టారు. ఆ కబురు చెప్పడానికి ఇరిగేషన్ ఏఈ సానియా తెనాలి ఆఫీసు నుంచి స్కూటర్ మీద వచ్చింది. ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయి. బురదలో దిగడానికి వెనకాడదని ఆమె అంటే యాకోబుకు గౌరవం.

"నాలుగు రోజులు మన కాలువ, నాలుగు రోజులు పక్క కాలువ. నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండుకి తలుపు పడిపోవాలి యాకోబు గారూ. పక్క కాలువ వాళ్ళు గడియారాలు పెట్టుకుని కూర్చుంటారు."

"నాలుగు రోజుల్లో చివరికి నీళ్ళెక్కవండి మేడం. పైవాళ్ళు ఇంజన్లు పెట్టకుండా ఉంటేనే నాలుగో రోజు సాయంత్రానికి చేరతాయి."

"పెట్టకుండా చూడండి మరి. మీ మాట వింటారు కదా?"

వింటారనే అతనూ అనుకున్నాడు.

మొదటి వంతులో, నవంబరు తొలి వారం, నరసింహారావు చేను దగ్గర కాలువలో ఇంజను పైపు కనిపించింది. యాకోబు అలవాటు ప్రకారం గట్టు మీద కూర్చున్నాడు.

"కింద ఎండిపోతున్నాయండి."

"కింద ఎవరియ్యా?" అన్నాడు నరసింహారావు. ఇంజను ఆపలేదు. "పోయినేడు దాకా కింద ఊరుండేది. ఇప్పుడు కింద నువ్వున్నావు. నీ కోసం నా ఇంజను ఆపాలా?"

"నా ఒక్కడిదే కాదండి, పన్నెండు మందివి..."

"ఆ పన్నెండు మందిని రమ్మను. వాళ్ళడిగితే తీస్తాను. నువ్వు అడగమాకు."

యాకోబు మధ్యాహ్నం దాకా గట్టు మీదే కూర్చున్నాడు. పైపు లేవలేదు. అతన్ని చూసి పక్క రైతు ఇంకో పైపు దించాడు. ఆ సాయంత్రం గ్రూపులో తలుపు ఫోటో వచ్చింది. 'లస్కరు గారి సొంత వ్యవసాయం కోసం ఎన్ని మరలు ఎత్తారో సభ్యులు గమనించగలరు' అని కింద రాసి ఉంది. ఎత్తింది రోజూ ఎత్తేదే. లెక్క తెలిసినవాళ్ళు గ్రూపులో పదిమంది దాకా ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆ వంతులో నీళ్ళు అయిదో తూము దగ్గరే ఆగిపోయాయి. చివరి పొలాలు తడిసి అప్పటికి పద్దెనిమిది రోజులు. యాకోబు వరి చిరుపొట్ట మీద ఉంది. వరికి ఆ పది రోజులూ గండం. పొట్టలో కంకి కట్టేటప్పుడు తడి అందితే గింజ, అందకపోతే తాలు. ఒక్క తడి చాలు. రెండోది దేవుడిచ్చినా ఇవ్వకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు.

పక్క కాలువ వంతు నాలుగు రోజులూ అతను రోజూ వెళ్ళి పొలం చూసొచ్చాడు. ఆకులు మధ్యాహ్నానికి సూదుల్లా చుట్టుకునేవి, తెల్లవారేసరికి విచ్చుకునేవి. నాలుగో రోజు ఉదయం కూడా సగం విచ్చుకోలేదు.

రెండో వంతుకు అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవరి పైపూ తీయమని అడగడు. తన మాట పోయింది గనక అడిగినా లాభం లేదు. ముందు ఆ పోయినదాన్ని తెచ్చుకోవాలి. నిమిషం కూడా అటూ ఇటూ కాకుండా తలుపు దించి చూపిస్తే, వచ్చే వంతుకైనా తన మాట చెల్లుతుంది. అప్పటిదాకా పొలం సంగతి? దానికి తోక నీరు ఉంది.

తలుపు పడ్డాక కాలువలో నిలిచిపోయిన నీటిని అక్కడ తోక నీరంటారు. అది సాయంత్రం దాకా నెమ్మదిగా కిందికి జారుతుంది. తలుపు పడిన తర్వాత ఎవరూ కాలువలో పైపు పెట్టకూడదని, ఆ జారేది చివరి పొలాల వాళ్ళదని యాకోబు తండ్రి లస్కరుగా ఉన్న రోజుల నుంచీ వస్తున్న కట్టుబాటు. ఏ కాగితం మీదా లేదు. కొట్లాటలు ఎన్ని జరిగినా తోక నీటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నాలుగో రోజు పదకొండున్నరకు తలుపు దగ్గర పక్క కాలువ రైతులు పదిహేనుమంది చేరారు. నీళ్ళు ఆరో తూము దాటాయని, ఏడో దానికి ఇంకా ఎక్కలేదని కింద నుంచి ఫోనొచ్చింది. అంతలోనే సానియా ఫోను.

"ఎంతవరకు వచ్చాయి?"

"ఆరు దాటాయండి."

"మీది ఎనిమిదో తూము కదూ? చూడండి యాకోబు గారూ, నేను బాపట్ల మీటింగులో ఉన్నాను. అక్కడికి రావడానికి రెండు గంటలు పడుతుంది. నేను వచ్చి చూసి దింపుతానని చెప్పండి. ఆ మాట నేనే అన్నానని చెప్పండి. రెండు గంటలు ఉంటే చివరికి ఎక్కుతాయి కదా?"

ఎక్కుతాయి. యాకోబుకు ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా తెలుసు. రెండు గంటలుంటే ఏడుకూ ఎక్కుతాయి, ఎనిమిదికీ ఎక్కుతాయి. కానీ చుట్టూ పదిహేనుమంది నిలబడి అతని మొహమే చూస్తున్నారు. ఇద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నరసింహారావు కూడా వచ్చి చింతచెట్టు నీడన స్కూటర్ మీద కూర్చున్నాడు.

"రెండు గంటలు వద్దండి మేడం" అన్నాడు యాకోబు, అందరికీ వినపడేలా. "పన్నెండంటే పన్నెండే. తోక నీళ్ళు సరిపోతాయి."

"ఆలోచించుకోండి."

"నా పొలం ఉంది గనకే వద్దంటున్నానండి."

పన్నెండు కొట్టకముందే హ్యాండిలు బిగించాడు. మర మరా కిందికి దిగి, సరిగ్గా పన్నెండుకు తలుపు అంచు రాతికి తగిలి ఆగింది. పక్క కాలువ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకతను "మగాడంటే యాకోబన్న" అన్నాడు. నరసింహారావు స్కూటర్ స్టార్ట్ చేశాడు.

యాకోబు మోపెడ్ మీద నీటి పక్కనే కిందికి బయల్దేరాడు. మూడో తూము దాకా నీరు కదులుతున్నట్టే ఉంది. నాలుగు దగ్గర పలచబడింది. ఆరు దాటాక ఇంజను చప్పుడు వినిపించింది. ఏడో తూముకు ఇవతల వీరాస్వామి కాలువ మధ్యలో దిగి, పైపు మూతిని బురదలోకి నొక్కి పట్టుకుని ఉన్నాడు. రెండెకరాల రైతు. యాకోబు కన్నా పదేళ్ళు చిన్న. ఎనిమిదేళ్ళ కిందట గండి పడినప్పుడు ఇద్దరూ ఒక రోజంతా నడుములోతు నీటిలో భుజం భుజం కలిపి నిలబడ్డారు.

"తోక నీటిలో ఇంజను పెట్టావేంటి వీరాస్వామీ?"

"పెట్టానన్నా." అతను తలెత్తలేదు.

"మన నాన్నల కాలం నుంచి..."

"మన నాన్నల కాలంలో తలుపు పడేసరికి కాలవ గట్లంటి ఉండేదన్నా. తోకంటే ఏనుగు తోకంత ఉండేది. ఇప్పుడున్నది బల్లి తోక. దీన్ని ఎనిమిదో తూము దాకా సాగదీస్తావా?"

"నాది పొట్ట మీదుంది తమ్ముడూ."

"నాది కాదా?" వీరాస్వామి అప్పుడు చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మేడం రెండు గంటలు ఇస్తానందట, వద్దన్నావట. గ్రూపులో వీడియో వచ్చింది. నీ పరువు కోసం నాదీ ఎండబెట్టావు, నీదీ ఎండబెట్టుకున్నావు. పన్నెండు మందివి ఎండబెట్టావు. రెండు గంటలుంచితే ఏమయ్యేదన్నా? నాలుగు తిట్లు. ముప్పై ఏళ్ళుగా తింటున్నవేగా!"

యాకోబు బండి తిప్పి తలుపు దగ్గరికి వేగంగా వెళ్ళాడు. హ్యాండిలు తగిలించి పూర్తిగా ఎత్తేశాడు. అప్పుడక్కడ ఎవరూ లేరు. ఎవరైనా ఉన్నా పట్టించుకునేవాడు కాదు. కానీ పక్క కాలువ తలుపు తెరిచి అప్పటికి గంటన్నరైంది. పెద్ద కాలువలో మట్టం ఈ తలుపు గడప కిందికి దిగిపోయింది. తెరిచిన తలుపులోంచి తడి రాయి కనిపించింది, అంతే. కాసేపు చూసి మళ్ళీ దించేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి ధనమ్మకు అంతా తెలిసే ఉంది. తిట్టలేదు. బకెట్టు తీసుకుని పొలం పక్కనున్న మురుగు కాలువలోకి దిగింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ మురుగులోకి ఉప్పు ఎగదన్నుతుంది. పాటు మీద ఉన్నప్పుడు పై పొలాల నీరు దిగి కాస్త తేటపడుతుంది. ఆ గంటలు చూసుకుని, నాలుక మీద చుక్క వేసుకుని, పరవాలేదనిపిస్తే చివరి రైతులు ఇంజను తిప్పుతారు. ధనమ్మ పాటు వేళ దాకా గట్టు మీద కూర్చుంది. దోసిట్లో తీసుకుని నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేసింది.

"ఏంటి?"

"పచ్చడి పెట్టుకోవచ్చు."

మర్నాడు కూడా చూసింది. మూడో నాడు మానేసింది. పైనుంచి నీరు దిగని ఏడు, మురుగులోకి మంచి నీరు ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగు రోజులు తిరిగేసరికి వరి ఈనింది. కంకులు సగం పొట్టలోనే చిక్కుకున్నాయి. బయటకు వచ్చినవి తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. గింజ పట్టిన కంకి వంగుతుంది. దూరం నుంచి ఆ తెలుపు చూసి దారినపోయేవాళ్ళు ఏదో కొత్త రకం అనుకున్నారు. యాకోబు ఒక కంకి తెంచి అరచేతిలో నలిపి ఊదాడు. అన్నీ ఎగిరిపోయాయి.

ఆ రోజే ప్రకాశరావుగారు ఫోను చేశాడు.

"నీ వీడియో చూశానయ్యా. తెనాలిలో కూడా అందరూ చెప్పుకుంటున్నారు. ఈ రోజుల్లో అలాంటి లస్కరు దొరకడు. పొలం ఎలా ఉంది?" అన్నాడు.

"పోయిందండి."

"అయ్యో. ఆ పొలం అంతేనయ్యా" అన్నాడాయన. ఆ మాట వేసవిలో చెప్పలేదు.

తర్వాతి వంతులో యాకోబు తలుపు ఎత్తాడు. నరసింహారావు చేను దగ్గరికి వెళ్ళి మళ్ళీ గట్టు మీద కూర్చుని చూశాడు. పోగొట్టుకున్నదేదో తిరిగొచ్చిందా అని. నరసింహారావు మర్యాదగానే మాట్లాడాడు. టీ తెప్పించాడు. ఇంజను మాత్రం ఆగలేదు.

కానీ ఈసారి ఇంజన్లు ఆపాల్సిన అవసరమూ లేకపోయింది. రెండో నాడు పైన ఎక్కడో జల్లులు పడ్డాయి. పై తూముల వాళ్ళకు తడి చాలింది. వాళ్ళు తూములు మూసేసుకుంటే నీళ్ళు ఆగకుండా కిందికి పరుగెత్తాయి. మూడో నాటి ఉదయానికి ఎనిమిదో తూములోంచి బుడబుడమంటూ ఎకరంన్నరలోకి ఎక్కి, తెల్ల కంకుల మొదట్లో చీలమండ లోతున నిలిచాయి.

యాకోబు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ధనమ్మ పార తీసుకుని వచ్చింది.

"గడ్డయినా దక్కుద్ది. నీళ్ళలో నిలిస్తే మొదలు కుళ్ళిపోద్ది. గేదెలు కూడా ముట్టవు. తీసేస్తున్నా."

"కాసేపుండనీ."

"ఎందుకు?"

ఆమె మురుగు వైపు గట్టు మీద మడవ తీసింది. నాలుగు పార్ల మట్టి పక్కకు వేసేసరికి నీరు దారి పట్టింది. మురుగులో పడి, అటునుంచి రేపల్లె దిక్కుగా సముద్రానికి పోయే దారి అది. వరి మొదళ్ళ నుంచి కొట్టుకొచ్చిన తాలు గింజలు నీటి మీద తేలుతూ మడవ దగ్గర గిర్రున తిరిగి కిందికి జారిపోయాయి.

యాకోబు ఫోను మోగింది. వీరాస్వామి.

"అన్నా, ఇక్కడ గట్లు దాటేస్తున్నాయి. గింజ పట్టక కోసి పడేసిన గడ్డంతా మునుగుతోంది. తలుపు నాలుగు మరలు దించవా?"

"వస్తున్నా" అన్నాడు యాకోబు. మోపెడ్ తిప్పుకుని గట్టెక్కాడు. ధనమ్మ మడవను ఇంకొంచెం వెడల్పు చేస్తోంది.